ఆసుపత్రి డేటాబేస్ వెర్షన్ మారిన రాత్రి

విజయవాడలో ఆసుపత్రులకు బిల్లింగ్, రోగుల రికార్డుల సాఫ్ట్‌వేర్ నడిపే ఒక చిన్న సంస్థకు వెళ్లాను. వాళ్ల డేటాబేస్ పోస్ట్‌గ్రెస్. ఆ రాత్రి అది 12వ వెర్షన్ నుంచి 17కు మారుతోంది. పోస్ట్‌గ్రెస్‌లో ఏటా ఒక పెద్ద వెర్షన్ వస్తుంది, ఒక్కోదానికి ఐదేళ్లపాటు ప్యాచ్‌లు అందుతాయి. 12కు ఆ గడువు 2024 నవంబర్‌తో తీరిపోయింది. ఆ తర్వాత ఏ భద్రతా లోపం బయటపడినా దాన్ని సరిచేసే ప్యాచ్ అధికారికంగా రాదు. జనం జబ్బుల వివరాలు దాచిన చోట అంత నిర్లక్ష్యం పనికిరాదు.

పనంతా డీబీఏగా, అంటే డేటాబేస్ నిర్వాహకురాలిగా ఉన్న ఒకావిడ చేతుల మీదుగా జరిగింది. అసలు సర్వర్ ముట్టుకోకముందే బ్యాకప్‌ను వేరే మెషీన్ మీద రీస్టోర్ చేసి, మార్పిడి మొత్తం దాని మీద చేసి చూశారట. పీజీ అప్‌గ్రేడ్ అనే మార్పిడి టూల్‌ను చెక్ ఆప్షన్‌తో నడిపితే, పాతదాంట్లో వాడుతున్న ఒక ఎక్స్‌టెన్షన్ కొత్తదాంట్లో లేదని తేలింది. ముందే దొరికింది కాబట్టి తీరిగ్గా ఇన్‌స్టాల్ చేసుకున్నారు. "బ్యాకప్ ఉందంటే చాలదండీ, రీస్టోర్ అయితేనే అది బ్యాకప్" అన్నారావిడ.

రాత్రి ఓపీ ముగిశాక అప్లికేషన్ ఆపేశారు. ఫైళ్లను కాపీ చేయకుండా హార్డ్ లింకులతో మార్చే పద్ధతి చాలా త్వరగా అయిపోతుంది. కానీ కొత్త సర్వర్ ఒక్కసారి మొదలైతే పాతదాన్ని మళ్లీ నమ్మి నడపలేం. అందుకే ఆవిడ ఆలస్యమైనా కాపీ పద్ధతే ఎంచుకున్నారు. అది పూర్తయ్యాక టేబుళ్ల గణాంకాలు సేకరించే అనలైజ్ నడిపారు. ఏ టేబుల్లో ఏ విలువలు ఎంత తరచుగా ఉన్నాయన్న లెక్క 17కు మారినప్పుడు వెంట రాదు. ఆ లెక్క లేకుండా తెరిస్తే క్వెరీలు నత్తనడక నడుస్తాయి. 2025లో వచ్చిన 18వ వెర్షన్ ఈ లెక్కను చాలావరకు వెంటే తెస్తుంది.

లాభం నా కళ్లముందే కనిపించింది. విజిట్ల టేబుల్లో డిపార్ట్‌మెంట్ కోడ్ మీద ఒక ఇండెక్స్ ఉంది. అవే కొన్ని కోడ్లు లక్షల వరుసల్లో మళ్లీమళ్లీ వస్తాయి. పాత వెర్షన్ ప్రతి వరుసకూ కోడ్‌ను విడిగా రాసేది. 13వ వెర్షన్ నుంచి పోస్ట్‌గ్రెస్ ఒకే విలువను ఒకచోట రాసి, దాని కింద వరుసల చిరునామాలు పేరుస్తుంది. అయితే అప్‌గ్రేడ్ చేసినంత మాత్రాన ఇది దక్కదు, రీఇండెక్స్ చేయాలి, అంటే ఇండెక్స్‌ను మళ్లీ కట్టాలి. చేశాక ఇండెక్స్ సైజు అడిగితే స్క్రీన్ మీద అంకె బాగా పడిపోయింది.

మరో రెండు లాభాలు పైకి కనిపించవు. రికార్డు మార్చినప్పుడల్లా దాని పాత ప్రతి టేబుల్లోనే మిగిలిపోతుంది; దాన్ని ఊడ్చేది వాక్యూమ్. ఆ పనికి 17లో మెమరీ 20 రెట్ల వరకు తక్కువ పడుతుంది. ఇక బ్యాకప్: ఇదివరకు పోస్ట్‌గ్రెస్ సొంత టూల్‌తో ప్రతిసారీ మొత్తం డేటా తీయాల్సి వచ్చేది. 17లో గత బ్యాకప్ తర్వాత మారిన భాగాలే తీసుకునే వీలుంది.

ఇవన్నీ ఉచిత సాఫ్ట్‌వేర్‌లో వచ్చినవే. లైసెన్సుకు రూపాయి కట్టనక్కర్లేదు. పెట్టాల్సింది ఓపిక, ముందస్తు సాధన. 13కు కూడా 2025 నవంబర్‌లో గడువు తీరింది. మీ ఆఫీసు సర్వర్ ఏ వెర్షన్ మీద నడుస్తోందో ఇవాళే అడిగి తెలుసుకోండి. పాతదైతే ముందు బ్యాకప్‌ను రీస్టోర్ చేయించి చూడండి, ఆ తర్వాతే మార్పిడికి రోజు ఖాయం చేయండి.