నిర్గమద్వార కవాటం: సమయజ్ఞత

శక్తి అధికంగా ఉన్నంత మాత్రాన కార్యసిద్ధి కలగదు. ఆ శక్తి ఏ వేళకు, ఏ మేరకు వెలువడాలో నిర్ణయించే నియమం కూడా దానికి తోడు కావాలి. ఈ విషయానికి టూ-స్ట్రోక్ మోటారు సైకిల్ ఇంజను చక్కని దృష్టాంతం.

ఈ ఇంజనులో కాలిన పొగ పోయే ద్వారాన్ని తెరిచేదీ మూసేదీ పిస్టనే. సిలిండరు గోడలోని ఎగ్జాస్ట్ పోర్టు పై అంచు ఎంత ఎత్తున ఉంటే, ద్వారం అంత ముందుగా తెరుచుకొని, అంత ఆలస్యంగా మూసుకుంటుంది. అధిక వేగంలో ఇది మేలు చేస్తుంది. బయటికి వెళ్లిన పీడన తరంగం సైలెన్సరు లోపలి శంకువును తాకి మరలి వచ్చి, జారిపోబోతున్న తాజా ఇంధన మిశ్రమాన్ని తిరిగి సిలిండరులోకి నెడుతుంది. వేగం తగ్గినప్పుడు అదే తరంగం వేళ తప్పి వస్తుంది. మిశ్రమంలో కొంత భాగం వ్యర్థంగా పొగగొట్టం పాలవుతుంది. పోనీ, అంచును దించుదామా? అప్పుడు దిగువ వేగంలో బలం వస్తుంది గాని, ఎగువ వేగంలో ఇంజనుకు ఊపిరి ఆడదు. ఒక అవస్థలో గుణమైనది మరొక అవస్థలో దోషమవుతున్నది.

ఈ ద్వంద్వానికి యమహా సంస్థ 1977లో తన వైజెడ్ఆర్ 500 పందెపు బండిపై ఒక సమాధానం చూపింది. పోర్టు పైభాగాన అడ్డంగా అమర్చిన స్తూపాకార కవాటానికి ఒక పార్శ్వం చెక్కి ఉంటుంది. అది తిరిగిన కొద్దీ అంచు హెచ్చుతుంది, తగ్గుతుంది. అంటే స్థిరమైన అంచు చలించే అంచు అయింది. 1983లో వచ్చిన ఆర్‌డీ 350 వైపీవీఎస్ ద్వారా ఇదే ఏర్పాటు సామాన్యుల చేతికి అందింది. 347 సీసీల ఆ జంట సిలిండర్ల బండిలో, ఇంజను వేగాన్ని గమనించే ఎలక్ట్రానిక్ పెట్టె ఆజ్ఞాపించగా, ఒక చిన్న సర్వో మోటారు రెండు కేబుళ్లతో కవాటాన్ని తిప్పుతుంది. మన వీధులలో తిరిగిన రాజ్‌దూత్ 350కి గాని, ఆర్‌ఎక్స్ 100కి గాని ఈ కవాటం లేదు.

బ్రిటన్‌లో అటువంటి పాత బండిని శ్రద్ధగా కాపాడుకుంటున్న ఒక యజమాని ఉన్నాడనుకుందాం. కొంతకాలంగా అతని బండి మధ్యవేగంలో నీరసించి, ఆపైన ఒక్కసారిగా ఉరుకుతున్నది. తడిసిన మలుపులో ఆ ఉరుకు వెనుక చక్రాన్ని జార్చగలదు, అది ప్రాణాంతకం. అతడు దోషాన్ని కార్బురేటరుపై మోపి, జెట్లు మార్చి చూస్తాడు. ఫలం లేదు. మిశ్రమంలో పెట్రోలు మరీ తగ్గించితే పిస్టన్ వేడెక్కి పట్టేస్తుంది కూడా. కారణం ఒకచోట ఉండగా చికిత్స మరొకచోట జరుగుతున్నది.

చివరకు అతడు తాళం తిప్పి, ఇంజను స్టార్టు చేయకుండా చెవి ఒగ్గుతాడు. సర్వో మోటారు కవాటాన్ని ఒకసారి పూర్తిగా తిప్పి, తిరిగి స్వస్థానానికి తెస్తుంది; మసిని విదిలించుకోవడానికి తయారీదారు పెట్టిన నియమమిది. శబ్దం వినిపించినది కనుక మోటారు నిర్దోషి. ఆపై పొగగొట్టాలను విప్పి, కవాటాన్ని పూర్తిగా తెరిచి, పోర్టు లోపల వేలితో తడిమి చూస్తాడు. ఎడమ సిలిండరులో కవాటపు అంచు పోర్టు కప్పుతో సమంగా ఉంది. కుడివైపున కొద్దిగా కిందికి పొడుచుకొని తగులుతున్నది. రెండు కవాటాలను కలిపే నడిమి కీలు అరిగింది. ఒకటి పూర్తిగా తెరుచుకున్నా రెండవది వెనుకబడుతున్నది.

ఇక చేయవలసిన పనికి బలం అక్కరలేదు, ఓర్పు కావాలి. కవాటాలను బయటికి తీసి, గట్టిపడిన మసిని గోకి, అరిగిన కీలును మార్చాలి. తిరిగి అమర్చి, రెండు అంచులూ కప్పుతో సమమైనవని చూడాలి. అటుపై గిలక మీది గుర్తు తన స్థానానికి వచ్చేలా కేబుళ్లను సరిచేయాలి. ఒక కేబుల్ తెరవడానికి, మరొకటి మూయడానికి. ఒకటి మరీ బిగిస్తే మోటారుపై భారం పడుతుంది, మరీ వదిలేస్తే ఆజ్ఞ ఆలస్యంగా చేరుతుంది. రెంటిలోనూ స్వల్పమైన వదులు మిగలాలి. ముందు కవాటాలు, తరువాత కేబుళ్లు. ఈ క్రమం తప్పితే, కీలులోని లోపాన్ని కేబుల్ బిగింపుతో కప్పిపుచ్చినట్లవుతుంది.

ఈ కవాటం కొత్తగా ఏ శక్తినీ సృష్టించదు. శక్తి పెట్రోలులోనే ఉంది. కవాటం చేసేది కాలోచితంగా దారి ఇవ్వడమే. అందువల్ల ఆ యజమాని బండికి అదనంగా ఏమీ చేర్చలేదు, అడ్డు మాత్రమే తొలగించాడు. మధ్యవేగపు నీరసం పోయింది, దానితోబాటే ఉరుకూ పోయింది. అతనికి తెలిసివచ్చిన సంగతి ఇది: తనను భయపెట్టిన ఆ ఉరుకు అధికబలానికి చిహ్నం కాదు, అంతకుముందు వేగాలలో అందవలసిన బలం అందకపోవడం వల్ల కలిగిన భ్రాంతి. నూనెతో కలిసి కాలే ఇంజనులో మసి మరల చేరక తప్పదు. కనుక అతడు ఈ పరీక్షను తన పుస్తకంలో ప్రతి సంవత్సరపు పనుల జాబితాలో, జెట్ల కంటే ముందు వ్రాసుకున్నాడు.