అందినట్టు కబురు

మా అనంతపురంలో ఎవరింటికి వెళ్లినా కుళాయి ఎప్పుడొస్తుందో, ట్యాంకరు ఏ వీధిలో ఆగిందో మాట్లాడుకున్నాకే మిగతా లోకాభిరామాయణం. అలాంటి ఊళ్లో మా వారు పెరట్లో గుంత తవ్వించి, రోజుకో బిందె నీళ్లు పొయ్యమన్నారు.

"ఏం చెట్టు నాటారండీ?" అన్నాను ఆశగా.

"చెట్టు కాదు, ఎర్తు" అన్నారు.

సంగతేమిటంటే, మా వారికి హామ్ రేడియో లైసెన్సు ఉంది. కేంద్ర ప్రభుత్వం పెట్టే పరీక్ష ప్యాసై, వీ.యు. అక్షరాలతో మొదలయ్యే పేరొకటి పుచ్చుకుంటేనే గాలిలో మాట్లాడనిస్తారట. రాజీవ్ గాంధీకీ అలాంటి పేరే ఉండేదని ఈయన అతిశయం. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ అటకెక్కిన ఆ పెట్టె, రిటైరైన మర్నాడే కిందికి దిగింది. మేడ మీద యాంటెన్నా లేచింది. "ఏమక్కా, ఇంటిమింద ఆ కమ్మీలేంది? పిట్టలు వాలేదానికా?" అని పక్కింటావిడ అడిగితే ఏం చెప్పాలో తెలియక నవ్వి ఊరుకున్నాను.

అంత ఎత్తున ఇనుము నిలబెట్టాక పిడుగుపాటు భయం ఉంటుందిగా. ఆ శక్తి భూమిలోకి దిగిపోవడానికి దారి కావాలి. అందుకని గొట్టం పాతి, చుట్టూ బొగ్గూ ఉప్పూ పొరలు పొరలుగా వేశారు. ఎండిన మట్టిలో కరెంటు సరిగా సాగదు, తడి ఉండాలి. దేశంలో జైసల్మేరు తర్వాత అతి తక్కువ వాన మాదేనని చెప్పుకుంటాం. ఏడాది పొడుగునా కలిపితే 550 మిల్లీమీటర్లు. అందులో ఈ గుంతకెక్కడ తెచ్చేది?

"తాగే నీళ్లు చుక్క పొయ్యను. బియ్యం కడిగినవి పోస్తాను. అదీ నా కరివేపాకు చెట్టుకు పోగా మిగిలితేనే" అని ఖండితంగా చెప్పేశాను.

మామూలుగా మాట్లాడుకునే రేడియో అయితే ఇంత బాధ లేకపోను. ఈయనకు ‘ప్యాకెట్’ కావలసి వచ్చింది. అంటే కంప్యూటరులో మాటలు టైపు చేస్తే, అవి కూతలుగా మారి రేడియోలోంచి పోతాయి. సెకనుకు 1200 సార్లు కంపించే కూత ఒకటి, 2200 సార్లు కంపించేది ఇంకొకటి. ఆ రెండు కూతల కలగలుపే అక్షరాలు. వినడానికి మాత్రం బొంగురు గొంతు కీచురాయి అరిచినట్టుంటుంది. 1978లో కెనడాలోని మాంట్రియల్ హామ్‌లు మొదలుపెట్టిన పద్ధతిట ఇది.

నాకు అర్థమయ్యేట్టు చెప్పమంటే పోస్టు కవరును ఉదాహరణ చూపించారు. పెద్ద కబురును ముక్కలు చేసి, ఒక్కో ముక్కనూ ఒక్కో కవరులో పెడతారు. మీద ఎవరికి, ఎవరి నుంచి అన్నది ఉంటుంది. చివర ఒక లెక్క ఉంటుంది. అవతల పెట్టె ఆ లెక్క సరిచూసుకుని, సరిపోతే "అందింది" అని బదులిస్తుంది. ఒక్క చుక్క తేడా వచ్చినా కవరంతా పారేసి మౌనంగా ఉంటుంది. బదులు రాకపోతే ఇవతలి పెట్టె మళ్లీ పంపుతుంది.

అవతల పెట్టె, యాభై కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, గుత్తిలో ఉన్న మా వారి స్నేహితుడిది. మూడు రాత్రులు ఈయన కూత పెట్టడం, అక్కణ్ణించి ఉలుకూ పలుకూ లేకపోవడం. వినపడలేదేమోనని ఈయన ధ్వని ఇంకా పెంచారు. నాలుగో రాత్రి ఆయన ఫోను చేసి, "అన్నా, కూత బ్రహ్మాండంగా ఇనపడుతుంది, అక్షరం ఒకటీ రాల్లేదు. గొంతు తగ్గించు" అన్నాడు. ఎక్కువ గట్టిగా పెడితే కూత వంకర పోయి, లెక్క తప్పుతుందట. ఇంకో లోపం కూడా బయటపడింది. మీట పడ్డాక రేడియో నిలదొక్కుకోవడానికి లిప్తపాటు కావాలి. ఈలోగానే మాట మొదలైతే ముందు ముక్క తెగిపోతుంది. సెకనులో మూడో వంతు ఆగేట్టు సరిచేశారు.

"గొంతు తగ్గించి, ఒక్క క్షణం ఆగి మాట్లాడమని పెళ్లయినప్పటి నుంచీ చెబుతున్నాను. అప్పుడు ఎక్కలేదు" అన్నాను. అక్కడితో ఊరుకుంటే పోయేది. "అయినా ఆ మాట చెప్పడానికి ఆయన ఫోనే చేశాడుగా! ఫోనుండగా ఈ తిప్పలెందుకు?" అని కూడా అన్నాను.

మా వారు తలెత్తకుండా, "టవర్లు పడిపోయిన రోజున? అది నీకే బాగా తెలియాలి" అన్నారు.

నేను బందరు పిల్లను. నీళ్లు ముంచే సీమ నుంచి నీళ్లు లేని సీమకు కాపురానికొచ్చాను. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు నాకు పన్నెండేళ్లు. లెక్కకు వచ్చిన ప్రాణాలే సుమారు 10,000. మా పెద్దక్కను అవనిగడ్డ దగ్గర పల్లెకిచ్చారు. దారుల నిండా చెట్లు కూలి, తీగలు తెగి, అటునుంచి కాకి కబురైనా లేదు. నాన్న రెండుసార్లు బయల్దేరి, దారి లేక తిరిగొచ్చాడు. అమ్మ వాకిట్లోంచి లేవలేదు, పొయ్యి వెలిగించలేదు. ఎనిమిదో రోజున ఎవరో లారీలో వచ్చి, అక్క పసివాణ్ణి ఎత్తుకుని బడి మేడ ఎక్కి బతికిందని చెప్పారు. అంటే ఆ ఎనిమిది రోజులూ మా అక్క క్షేమంగానే ఉంది. ఆ ఒక్క మాట మాకు చేరలేదంతే. అమ్మ మాత్రం ఆ తర్వాత మునుపటి మనిషి కాలేదు.

2004 డిసెంబరులో భారతి ప్రసాద్ అనే ఆవిడ, హైదరాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో బృందంతో సరదాగా హామ్ సంభాషణలకని అండమాన్ వెళ్లింది. 26న సునామీ వచ్చిపడింది. ఫోన్లు మూగబోయిన పోర్ట్‌బ్లెయిర్‌ నుంచి ఆవిడా, తోటివాళ్లూ ఎందరి క్షేమసమాచారాలనో ఒడ్డుకు చేర్చారు. ఆ కథ ఇదివరకు ఈయన చెబితే ఊఁ కొట్టాను. ఆ రాత్రి మాత్రం ఎన్ని వాకిళ్లలో ఎంతమంది అమ్మలు లేచి పొయ్యి వెలిగించుకున్నారోననిపించింది.

ధ్వని తగ్గించాక కీచురాయి మళ్లీ అరిచింది. నేను ఈయన భుజం మీదుగా చూస్తున్నాను. అవతలి పెట్టె చిన్న కూతతో బదులిచ్చింది. అందింది! వెనకే తెర మీద, ఇంగ్లీషు అక్షరాల్లో మన తెలుగే వచ్చి నిలిచింది: "మా దిక్కు చినుకు లేదు. మీ దిక్కు వాన పడిందా?"

అనంతపురం జిల్లా వాళ్లం ఇంకేం అడుగుతాం లెండి! ఇద్దరం పకపకా నవ్వాం. నవ్వుతుంటే నాకు కళ్లెందుకు చెమర్చాయో మా వారు అడగలేదు.

మర్నాడు ట్యాంకరు రాలేదు. బియ్యం కడిగిన నీళ్ల గిన్నెతో పెరట్లోకి వెళ్లాను. అలవాటుగా కాళ్లు కరివేపాకు చెట్టు వైపు నడిచాయి. ఆగి, ముందు గుంతలో పోశాను. సర్రున పీల్చేసుకుంది నేల.

"చెట్టు వాడుతుందేమోనే" అన్నారు మా వారు, కిటికీలోంచి.

"దానికి మధ్యాహ్నం పప్పు కడిగినవి పోస్తాను. అది నోరు తెరిచి అడగదు గానీ, ఆకులు వాల్చి చెబుతుంది" అన్నాను.