మూలింటి మాస్టారి గేటు తట్టాలి వదినగారూ

వదినగారూ, ఆ వడియాల గుడ్డకి నాలుగు మూలలా రాళ్లు పెట్టేసి ఇలా నీడలోకి రండి. తొమ్మిదింటికే ఎండ మాడ్చేస్తోంది. మీతో ఒక సంగతి చెప్పాలని పొద్దుట్నుంచీ చూస్తున్నా. మీ అమ్మాయి వాళ్లుండే నేపర్‌విల్ షికాగో దగ్గరే కదూ? అక్కడెప్పుడూ మంచే అంటుంటారు మీరు. ఆ షికాగోలోనే 1995 జూలైలో ఎండదెబ్బకి ఎంతమంది పోయారో తెలుసా? మామూలుగా ఆ వారంలో పోయేవాళ్ల కంటే 739 మంది ఎక్కువ!

నిజమండీ. జూలై 13న 41 డిగ్రీలు కొట్టింది. మనకి అదేం లెక్క అంటారు, నాకూ మొదట అలాగే అనిపించింది. కానీ వాళ్లవి చలికోసం కట్టుకున్న ఇళ్లు. రాత్రిళ్లు కూడా చల్లబడలేదు, పైగా చాలా చోట్ల కరెంటు పోయింది. మార్చురీ చాలక శవాల్ని ఉంచడానికి ఫ్రిజ్ లారీలు తెప్పించారట.

పోయినవాళ్లలో ఎక్కువమంది ఒంటిగా ఉండే పెద్దవాళ్లు. దొంగల భయంతో తలుపులు గడియ వేసుకుని, కిటికీలు బిగించుకుని లోపలే ఉండిపోయారు. కొందరు పోయిన సంగతి రోజులు గడిచాక గానీ బయటపడలేదు.

అసలు విషయం ఇప్పుడు వినండి. ఎరిక్ క్లైనెన్‌బర్గ్ అని, ఆ ఊళ్లో పెరిగినాయనే, సమాజ శాస్త్రం చదువుకుని దీనిమీద ఏళ్లతరబడి ఆరా తీశాడు. 2002లో ‘హీట్ వేవ్’ అని పుస్తకం రాశాడు. అందులో రెండు పేటల సంగతి ఉంది. నార్త్ లాండేల్, సౌత్ లాండేల్. పక్కపక్కనే ఉంటాయి, అదే ఎండ, అదే గాలి. రెండు చోట్లా బీదాబిక్కీ ఉన్నారు, ఒంటరి ముసలివాళ్ల లెక్క కూడా ఇంచుమించు ఒకటే. అయినా నార్త్‌లో లక్షకి నలభై మంది పోతే, సౌత్‌లో నలుగురు. పదింతల తేడా!

ఎందుకంటారా? నార్త్ పేటలో ఫ్యాక్టరీలు మూతపడ్డాయి, దుకాణాలు ఎత్తేశారు, జనం వలసపోయారు. ఖాళీ స్థలాలు, పాడుబడ్డ ఇళ్లు, వీధిలో మత్తుమందుల అమ్మకాలు. పెద్దవాళ్లు గడప దాటాలంటేనే భయం. సౌత్ పేటలో మెక్సికో నుంచి వచ్చిన కుటుంబాలెక్కువ. ఇరవయ్యారో వీధి నిండా కొట్లు, తోపుడు బండ్లు, పొద్దస్తమానం జనం. ముసలాయన ఇంట్లో ఉక్కపోస్తే బయటికొచ్చి చల్లగా ఉన్న ఏదో ఒక కొట్లో కాసేపు నిలబడేవాడు. అక్కడ పాతకాపులైన తెల్లవాళ్లు కొందరు మిగిలిపోయారు. మెక్సికో వాళ్లతో వాళ్లకి చుట్టరికం లేదు, భాష కూడా వేరు. అయినా ఆ వీధి సందడి వాళ్లనీ కాపాడింది. నన్ను పట్టుకున్నది ఇదేనండీ. కాపాడటానికి కన్నబిడ్డలే అక్కర్లేదు, వీధిలో నలుగురు మసలుతుంటే చాలు.

డాక్టర్లు కూడా విడిగా లెక్క తీశారు. ఒంటరిగా ఉన్నవాళ్లకి, ఇల్లు కదలనివాళ్లకి ముప్పు ఎక్కువ. ఏసీ ఉన్నవాళ్లకి తక్కువ, సరే. ఊళ్లో స్నేహితులున్నవాళ్లకీ తక్కువే అని తేలింది.

వయసు మళ్లినవాళ్లకి దాహం తెలియదు, చెమట సరిగ్గా పట్టదు. బీపీకని వేసుకునే కొన్ని మాత్రలు ఒంట్లో నీరు ఇంకా తగ్గిస్తాయి. వడదెబ్బ ముదిరితే బుర్ర తికమకపడుతుంది, తనకి ఒంట్లో బాగాలేదని ఆ మనిషికే తెలియదు. ఇంక ఫోనెవరు చేస్తారు? ఎదుటి మనిషి చూసి పోల్చుకోవాలి. ఏసీ ఆ పని చెయ్యలేదు కదా.

ఎండ మాటే కాదు. పిట్స్‌బర్గ్‌లో షెల్డన్ కోహెన్ అనే శాస్త్రవేత్త ఆరోగ్యంగా ఉన్న 276 మంది ముక్కుల్లో జలుబు వైరస్ చుక్కలు వేసి చూశాడు. 1997లో ఆ సంగతి అచ్చయింది. ఇంట్లోవాళ్లు, స్నేహితులు, ఆఫీసువాళ్లు, ఇరుగుపొరుగు, గుడికొచ్చేవాళ్లు, ఇలా ఆరు లేక అంతకు మించిన రకాల వాళ్లతో రాకపోకలున్న మనిషితో పోలిస్తే, ఒకటి నుంచి మూడు రకాలకే పరిమితమైన మనిషికి జలుబు చేసే అవకాశం నాలుగింతలు పైనే! గోడ దగ్గర మన మాటల్ని పనిలేని కబుర్లంటారు మా ఇంట్లో. ఇంకెప్పుడూ అనకూడదండీ.

మన దగ్గర సంగతి కొంచెం వేరులెండి. 2015 మే నెలలో ఆంధ్రా, తెలంగాణ కలిపి రెండు వేలమందికి పైగా పోయారు. వాళ్లలో ఎండలో కూలికెళ్లినవాళ్లు చాలామంది. వాళ్లకి గోడ మీంచి పలకరింపు చాలదు. నీడ కావాలి, నీళ్లు కావాలి, మిట్టమధ్యాహ్నం పని ఆపించేవాళ్లు కావాలి. కానీ పిల్లలు దేశాలు పట్టిపోయి పెద్దవాళ్లొక్కరే ఉంటున్న ఇళ్లు మన వీధిలోనే లెక్కపెట్టండి.

షికాగోలో శవాన్ని తీసుకెళ్లడానికి ఎవరూ రానివాళ్లలో మగవాళ్లే ఎక్కువట. అది చదివినప్పట్నుంచీ నాకు మూలింటి మాస్టారే గుర్తొస్తున్నారు. వాళ్లావిడ ఉన్నన్నాళ్లూ ఆ ఇంటి అరుగుమీద ఎవరో ఒకరు కూర్చునేవాళ్లు. ఇప్పుడాయన పేపరు తీసుకుని తలుపేసుకుంటే మళ్లీ మర్నాడే.

1999లో మళ్లీ అలాంటి ఎండలొస్తే షికాగోవాళ్లు పోలీసుల్నీ, నగరపాలక సిబ్బందినీ ఒంటరి పెద్దవాళ్ల ఇళ్లకి పంపి తలుపులు కొట్టించారు. అప్పుడు పోయింది 110 మంది. అదీ తక్కువేం కాదు, కానీ 739 ఎక్కడ, 110 ఎక్కడ!

మన వీధికి పోలీసులెందుకండీ? మీ మేడమీంచి ఆయన గేటు కనబడుతుంది. ఎనిమిదయినా పాల ప్యాకెట్టు సంచిలోనే ఉంటే నాకో కేకెయ్యండి. మధ్యాహ్నం మూడింటికి నేను మజ్జిగ పట్టుకెళతా. ఆయన వద్దన్నా కాసేపు కూర్చుని మాట్లాడిస్తా. మాట తడబడినా, ఒళ్లు పేలిపోతున్నా వెంటనే 108కి ఫోన్ చేసి, వాళ్లొచ్చేలోపు తడిగుడ్డతో ఒళ్లంతా తుడిచి, ఫాను వేద్దాం. మన వీధిలో అలాంటివాళ్లు ఇంకెవరున్నారో కూడా చెప్పండి, పంచుకుందాం.