మనసు కాదు, నరాలు

వేడి గంజి చేతిమీద పడి వదిన కేక వేసింది. అన్నయ్య తల ఎత్తి చూశాడు. "కాఫీ ఇంకా ఎంతసేపు?" అన్నాడు. వీధికుక్కకు దెబ్బ తగిలినా కన్నీరు పెట్టుకొనే మనిషి ఆయన. అప్పటికి వయస్సు 52.

దంపతుల కలతలు తీర్చే కౌన్సెలరు వద్దకు వదిన ఆయనను తీసుకొని వెళ్లింది. ఒకరి మనసు ఒకరు తెలుసుకొమ్మని ఆరు నెలలపాటు వారు బోధించారు. అన్నయ్య ప్రతి మాటకూ తల ఊపాడు. ఏమీ మారలేదు. లోపం తనలోనే ఉందేమోనని వదిన కుమిలిపోయింది.

ఆ రోజుల్లోనే నేను మానసిక చికిత్సకుల కోసం వ్రాసిన ఒక ఆంగ్ల గ్రంథాన్ని అనువదిస్తున్నాను. 'ఎంపతీ' అన్న మాట వద్ద కలం ఆగింది. ఆంగ్ల సాహిత్యం చదువుకొనే రోజుల్లో ఎన్నోసార్లు వాడిన మాటే. నిజానికి ఆంగ్లంలో కూడ అది అనువాదమే. 'ఐన్‌ఫ్యూలుంగ్' అనే జర్మన్ పదానికి సాటిగా 1909లో టిచెనర్ అనే మనస్తత్వవేత్త దానిని కల్పించాడు. 'సహానుభూతి' అని వ్రాసి పుట త్రిప్పాను.

అక్కడ అన్నయ్య కనిపించాడు.

ఆ జబ్బు పేరు ఫ్రాంటోటెంపొరల్ డిమెన్షియా. ఈ కోవకు చెందిన రోగాన్ని 1892లో ప్రేగ్ నగరంలో ఆర్నాల్డ్ పిక్ మొదట వర్ణించాడు. ఇది తరచుగా 45-65 ఏళ్ల మధ్య మొదలై, నుదుటి వెనుక, కణతల వెనుక ఉండే మెదడు భాగాలను క్షీణింపజేస్తుంది. చాలమందిలో జ్ఞాపకశక్తి కంటె ముందు దయ తొలగిపోతుంది. ఎదుటివారి బాధ చూచినప్పుడు మన గుండె వేగం మారుతుంది, అరచేయి చెమరుస్తుంది. ఆ కదలికలను గ్రహించే ఇన్సులా అనే మెదడు భాగంలో వాన్ ఎకొనొమో కణాలు ఉంటాయి. ఈ జబ్బులో తొలుత నశించేవాటిలో అవి ఉన్నాయి. శరీరం చలించదు, మనసుకు కబురు అందదు. తాను మారినట్లు రోగికి తెలియదు.

నాన్నగారు గుర్తుకు వచ్చారు. నాన్నమ్మ పోయిననాడు, భోజనం ఆలస్యమైందని ఆయన విసుక్కున్నారు. స్వభావమే అనుకొన్నాము.

నరాల వైద్యుడు స్కానింగు, రక్తపరీక్ష చేయించారు. అన్నయ్యకు ప్రోగ్రాన్యులిన్ జన్యువులో లోపం ఉన్నదని తేలింది. తలిదండ్రులలో ఒకరికి అది ఉంటే ప్రతి బిడ్డకూ సంక్రమించే అవకాశం సగానికి సగం. నాకిప్పుడు 46 ఏళ్లు. పరీక్ష చేయించుకోవాలో వద్దో ఇంకా తేల్చుకోలేదు.

ఈ జబ్బును నయం చేసే మందు నేటికీ లేదు. అయినా చికిత్సకులు చేయగలిగినది కొంత ఉన్నది. మృదుస్వభావి ఒకరు నడివయస్సులో కారణం లేకుండా కఠినుడైతే, సంసారం సంగతి తరువాత. వంశంలో మరెవరైనా ఇలా మారారా అని ముందు అడగండి. నరాల వైద్యుని వద్దకు పంపండి. ఆ పైన మీ ఓదార్పు పక్కనున్న మనిషికి కావాలి.

ఆ ప్రకరణం తెనుగు చేసి వదిన చేతికిచ్చాను. రెండుసార్లు చదివింది. ఇన్నాళ్లకు నా ఎదుట ఏడ్చింది.

"అయితే ఆయన నన్ను వద్దనుకోలేదన్నమాట" అంది.