తాత తుపాకి ఎంత బరువు?

పోయిన నెల చోటు చాలక నా వ్యాసం ఆగిపోయింది. ఈసారి తెలుగు మాస్టారు దయతో రెండు చార్టులు ఇచ్చారు కాబట్టి మొత్తం రాస్తున్నాను. అక్షరాలు చిన్నవిగా ఉంటే దగ్గరకొచ్చి చదువుకోండి. ముందుగా వార్డెన్ సారుకి ఒక మనవి. ఇది వేట గురించిన వ్యాసమే గాని నేను వేటకి వెళ్ళలేదు సార్. 1972లో వన్యప్రాణుల సంరక్షణ చట్టం వచ్చిందని మా తాతకి కూడా తెలుసు. ఇది అంతకు రెండేళ్ళ ముందు, 1970లో జరిగిన సంగతి.

ఎన్.సి.సి. క్యాంపు నుంచి వచ్చిన రాత్రి మా డార్మెటరీలో పెద్ద గొడవ అయింది. క్యాంపులో మాతో .22 డీలక్స్ రైఫిలు పేల్పించారు. దాని బరువు ఆరు పౌండ్ల రెండు ఔన్సులు అని బట్టీ పట్టించారు. కిలోల్లో చెప్పాలంటే 2.8 కి కొంచెం తక్కువ. కిటికీ పక్క మంచం వాడు "కొండల్లో వేటకి ఇలాంటి తేలిక తుపాకే కావాలి, బరువుది మోసుకుంటూ మనం కొండెక్కేసరికి జంతువు ఒడిశా దాటేస్తుంది" అన్నాడు. అందరం నవ్వాం. ఇంకొకడు లేచి, బరువు ఉంటేనే గురి కదలదన్నాడు. లైట్లు ఆర్పాక కూడా గుసగుసలు ఆగలేదు. నేను మాత్రం ఏమీ మాట్లాడలేదు. ఎందుకంటే ఈ తగువు మా ఇంట్లో యాభై ఏళ్ళకు పైగా నడుస్తోంది.

మా ఊరు చింతపల్లి వైపు కొండ మీద ఉంటుంది. మా ముత్తాత దగ్గర పంట కాపలాకి లైసెన్సు ఉన్న నాటు తుపాకి ఒకటి ఉండేది. గొట్టం మూతిలోంచి మందు పోసి, పీచు కుక్కి, సీసం గుండు వేసి కడ్డీతో దట్టించాలి. ఒక్కసారి పేలిందంటే మళ్ళీ ఇదంతా మొదటినుంచి చెయ్యాలి. అంతసేపు జంతువు మన కోసం ఆగదు కదా. దాని బరువు మూడున్నర వీశెలు అని తాత చెబుతాడు. వీశె అంటే 1.4 కిలోలు, కాబట్టి 4.9 కిలోలు అన్నమాట. చేతిలో పట్టుకుంటే ఇదేం పెద్ద బరువు కాదు. కాని తెల్లవారుజామున బయలుదేరి రెండు కొండలు ఎక్కి దిగాక అది 4.9 కిలోలలా ఉండదట.

అప్పటికి తాతకి ఇరవై రెండేళ్ళు. చైత్రమాసంలో మా ప్రాంతంలో ఇటుకల పండుగ వస్తుందని మీకందరికీ తెలుసు. మగవాళ్ళు వేటకి పోయేవారు, ఉత్త చేతులతో తిరిగివస్తే ఆడవాళ్ళు పేడనీళ్ళు చల్లేవారు. ముందటి ఏడు తాత మీద ఆ నీళ్ళు పడ్డాయి. బరువు వల్లే వెనకబడ్డానని తాతకి ఉక్రోషం వచ్చింది. కమ్మరి దగ్గరికి పోయి గొట్టం జానెడు కోయించి, గురి పూస మళ్ళీ అతికించుకున్నాడు. చెక్కని కూడా చెక్కించాడు. తుపాకి అర వీశె తగ్గింది, అంటే 700 గ్రాములు. భుజానికి తగిలించుకుంటే ఏమీ లేనట్టే ఉందని ఊరంతా తిరిగి చూపించాడట.

పండుగ వేటలో తాతని గట్టు మీద మూల కాయమన్నారు. మా పెద్దతాత, అంటే తాత వాళ్ళ అన్నయ్య, డప్పులు కొట్టేవాళ్ళతో కింద నుంచి అడవిపందిని తోలుకు వస్తున్నాడు. ఇప్పపూలు రాలే కాలం. ఇప్పచెట్టు కింద పూలు తింటున్న ఎలుగు డప్పులకి బెదిరి, పొదలోంచి లేచి పెద్దతాత మీద పడింది. తాతకి అది నలభై అడుగుల దూరం. పేల్చాడు. గుండు పైనుంచి పోయింది. రెండోసారి దట్టించే లోపల మిగతావాళ్ళు గొడ్డళ్ళతో, కేకలతో దాన్ని తరిమేశారు. పెద్దతాత బతికాడు. ఎడమ కన్ను పోయింది, బుగ్గ మీద ఇప్పటికీ మూడు గాట్లు ఉన్నాయి.

"తుపాకి కోసి పాడు చేశావు" అని పెద్దతాత అంటాడు. "తుపాకి తప్పు కాదు" అని తాత అంటాడు. అంతకన్నా ఒక్క ముక్క ఎక్కువ చెప్పడు. ఇద్దరూ ఒకే చుట్ట పంచుకుని కాలుస్తారు గాని ఈ మాట వస్తే మొహాలు తిప్పుకుంటారు. తుపాకిని మాత్రం చాలా కాలం కిందటే స్టేషన్లో అప్పగించేశారు. గోడకి దాని మేకు ఒకటే మిగిలింది, దానికి ఇప్పుడు మా చెల్లి బడిసంచి వేలాడుతోంది.

క్యాంపు అయ్యాక నేను దీని గురించి చాలా ఆలోచించాను. తొమ్మిదో తరగతిలో సైన్సు మాస్టారు ఒక లెక్క చేయించారు, గుర్తుందా? 4 కిలోల రైఫిలు నుంచి 50 గ్రాముల గుండు సెకనుకు 35 మీటర్ల వేగంతో వెళితే రైఫిలు ఎంత వేగంతో వెనక్కి తంతుంది అని. జవాబు సెకనుకు 0.4375 మీటర్లు. (35 మీటర్లంటే గంటకు 126 కిలోమీటర్లు. ఫాస్ట్ బౌలర్ బంతి ఇంకా వేగంగా పోతుంది. అలాంటి గుండుకి ఎలుగు కాదు కదా ఉడత కూడా పడదు. మాస్టారు కోప్పడకూడదు.) అదే లెక్క 3 కిలోల రైఫిలుకి చేస్తే 0.58 వస్తుంది. తుపాకి తేలికైనకొద్దీ తన్ను పెరుగుతుంది. తాత తుపాకి 4.9 నుంచి 4.2 కి తగ్గింది కాబట్టి అదే మందుకి, అదే గుండుకి తన్నుడు వేగం ఆరో వంతు పెరగాలి. పండుగకి ముందు రెండుసార్లు పేల్చి చూస్తే భుజం కమిలిపోయిందని తాత ఒకసారి చెప్పాడు. దెబ్బ తెలిసిన భుజం మూడోసారి ముందే జంకుతుంది. క్యాంపులో నేను అంత చిన్న .22 కే కళ్ళు మూసుకున్నాను. ఈ విషయం డార్మెటరీలో ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు రాసేశాను.

దీన్నిబట్టి పెద్దతాత మాటే నిజమేమో అనుకున్నాను. కాని ఇంగ్లీషు మాస్టారు జిమ్ కార్బెట్ సంగతి చెప్పాక మళ్ళీ సందేహం వచ్చింది. కుమావూ కొండల్లో చౌగఢ్ ఆడపులిని 1930లో ఆయన చంపాడు. అప్పుడాయన ఎడమ చేతిలో పిట్టగుడ్లు ఉన్నాయి, కుడి చేతిలో .275 రైఫిలు ఉంది. తిరిగి చూసేసరికి దాదాపు ఎనిమిది అడుగుల దూరంలో పులి కూర్చుని ఉంది. ఒంటిచేత్తో రైఫిలుని మెల్లగా, మెల్లగా దాని వైపు తిప్పి పేల్చాడు. తేలిక రైఫిలు కాబట్టే అలా తిప్పగలిగానని ఆయనే పుస్తకంలో రాసుకున్నాడట. అక్కడ తేలిక తుపాకి ప్రాణం కాపాడింది, మా ఇంట్లో ఒక కన్ను తీసింది. నాకు తోచిన తేడా ఏమిటంటే, ఎనిమిది అడుగుల్లో చెయ్యి కొంచెం వణికినా గుండు తగులుతుంది, నలభై అడుగుల్లో మనిషికీ ఎలుగుకీ మధ్య గురి చూడాలంటే గొట్టం నిలకడగా ఉండాలి.

ఊరికే ఆలోచిస్తే తేలదని దసరా సెలవుల్లో పరీక్ష చేశాను. మా అమ్మ రోకలి తీసుకుని దానికి ఇసక మూటలు కట్టాను. డిపో కాటా మీద తూచి సరిగ్గా 4.9 కిలోలు చేశాను. దాన్ని భుజాన పెట్టుకుని వాగు దగ్గర నుంచి గట్టు మీది పనసచెట్టు దాకా ఎక్కాను. "రోకలి పట్టుకుని ఊరేగుతున్నావేట్రా, మతి పోయిందా" అని దారిలో అందరూ అడిగారు. 21 నిమిషాలు పట్టింది. మర్నాడు ముందువైపు ఇసక తీసేసి 4.2 కిలోలతో ఎక్కాను. 20 నిమిషాలు. ఇంతేనా అనిపించింది! పైగా రోకలి ఎత్తి పనసచెట్టు బుడిపెకి గురి పెడితే, తేలికగా ఉన్నరోజే పొన్ను ఎక్కువ ఊగింది. ముందువైపు బరువున్న రోజు అది తనంతట తనే కుదురుకుంది. కాని ఎక్కువసేపు ఎత్తి పట్టుకోలేకపోయాను, పాతిక అంకెలు లెక్కపెట్టేసరికి చెయ్యి దిగిపోయింది.

ఈ లెక్కలన్నీ కాగితం మీద రాసి సాయంత్రం తాతకి చదివి వినిపించాను. తాత చాలాసేపు పలకలేదు. తర్వాత "సంచి కట్టావేట్రా?" అని అడిగాడు.

ఏ సంచి తాతా అన్నాను.

"తుపాకి తేలికైపోనాది గదా, నానేటి తక్కువని జట్టోల సామల సంచి నానే ఎత్తుకున్నాను. రెండు వీశెలకి తక్కువుండదు. ఆనపబుర్రతో నీళ్ళు కూడా నా మీదే. ఎవులూ మొయ్యమనలేదు, నానే మోసాను. గట్టెక్కేతలికి ఊపిరి ఆడలేదురా. గుండు ఎటు పోనాదో నాకే తెల్దు."

అర వీశె తగ్గించుకుని రెండు వీశెలు ఎక్కించుకున్నాడన్నమాట.

మర్నాడు నేను 4.2 కిలోల రోకలితో పాటు 3 కిలోల బియ్యం సంచి వీపున కట్టుకుని అదే దారి ఎక్కాను. 26 నిమిషాలు పట్టింది, మధ్యలో రెండుసార్లు కూర్చున్నాను. పైకి వెళ్ళగానే రోకలి ఎత్తితే బుడిపె కనిపించడమే కష్టమైంది, రొమ్ము ఎగిరినప్పుడల్లా పొన్ను జానెడు పైకీ కిందకీ పోయింది. ఒక నిమిషం ఆగాక మామూలు అయింది. తాతకి ఆ రోజు ఆ నిమిషం దొరకలేదు.

కాబట్టి కిటికీ పక్క మంచం వాడికి నా జవాబు ఇది. కొండ మీద బరువు లెక్కలోకి వస్తుంది, కాని తుపాకి ఒక్కదాన్నే తూస్తే సరిపోదు. తుపాకీ, నీళ్ళూ, తిండీ, దుప్పటీ, గొడ్డలీ, అన్నీ కలిపి తూచాలి. తగ్గించాలంటే ముందు సంచిలోంచి తగ్గించాలి, గొట్టం జోలికి ఆఖర్న పోవాలి. అర కిలో ఎక్కువున్న తుపాకితో ఒక నిమిషం ఆలస్యంగా గట్టెక్కినా ఫరవాలేదు, ఊపిరి మిగలాలి. వాడు ఒప్పుకోకపోతే రోకలి ఇస్తాను, వాడే ఎక్కి చూసుకోవచ్చు.

ఇంకొక సంగతి ఉంది. ఆ సంచి మాట తాత ఇన్నేళ్ళూ పెద్దతాతకి చెప్పలేదు. ఎందుకు చెప్పలేదు అని అడిగితే "కన్ను పోయినోడికి సామల సంచి గురించి ఏటి సెప్తాన్రా" అన్నాడు. తుపాకి తప్పు కాదు అని మాత్రం ఎందుకు అంటూ వచ్చాడో నాకు అప్పుడు అర్థమైంది. మా ఊరి పిల్లలు ఈ బడిలో నాతో కలిపి ముగ్గురం. మిగతా ఇద్దరికీ చెప్పాను, చదవండి గాని ఇంటికెళ్ళి అనొద్దని. సంక్రాంతి సెలవుల్లో తాతే చెబుతాడో, నన్ను చెప్పమంటాడో చూడాలి. నన్నే చెప్పమంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. ముందు మా అమ్మ రోకలి అమ్మకి ఇచ్చెయ్యాలి, సగం ఇసక ఇంకా దానికే కట్టి ఉంది.

ఇట్లు,
పదవ తరగతి, 'బి' సెక్షన్