ఆ పెళ్ళికి వంట ఎవరు చేశారు?

ప్రతి సంవత్సరం ఏప్రిల్ 16న మా బడిలో కందుకూరి వీరేశలింగం పంతులుగారి జయంతి జరిపేవాళ్ళం. మేమిద్దరం రాజోలు వైపు ఒక పల్లెలో, ఒకే ఆవరణలో ఉన్న రెండు బడుల్లో పనిచేశాం. ఒకరు హైస్కూలులో తెలుగు మాస్టారు. ఇంకొకరు ఎలిమెంటరీ బడిలో చిన్న తరగతుల టీచరమ్మ. జయంతి ఉపన్యాసం ఎప్పుడూ మాస్టారిదే. 1848లో రాజమండ్రిలో జననం, 1874లో ‘వివేకవర్ధని’ పత్రిక, అదే ఏడు ధవళేశ్వరంలో బాలికల పాఠశాల, ‘రాజశేఖర చరిత్రము’ నవల, 1881 డిసెంబరు 11న మొదటి వితంతు వివాహం. ఇరవై నిమిషాల ప్రసంగం, చివర చప్పట్లు. ఏటేటా అదే కావడంతో పెద్ద తరగతుల పిల్లలకు కంఠతా వచ్చేసింది.

ఒక ఏడు, సభ అయ్యాక కాలువ గట్టు మీద ఇంటికి నడిచి వస్తుంటే టీచరమ్మ అడిగింది.

“ఏవండీ, ఆ పెళ్ళికి వంట ఎవరు చేశారు?”

“ఎవరో వంటవాళ్ళు చేసి ఉంటారులే.”

“ఊరంతా వెలివేసిన ఇంటికి వంటవాళ్ళు ఎలా వస్తారండీ?”

మాస్టారికి జవాబు తోచలేదు. పుస్తకం మళ్ళీ తెరవవలసి వచ్చింది. వంట చేసింది పంతులుగారి భార్య రాజ్యలక్ష్మమ్మగారు. పెళ్ళి ఖాయం కాగానే పురోహితులు రామన్నారు, వంటవాళ్ళు మానేశారు, నీళ్ళు మోసేవాళ్ళు కూడా గుమ్మం తొక్కలేదు. కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్యగారు డబ్బు ఇచ్చారు గాని, డబ్బు బిందె ఎత్తుకుని గోదావరి నుండి నీళ్ళు తెస్తుందా? ఆ తల్లే నీళ్ళు మోసి, పొయ్యి ముట్టించి, వచ్చినవారందరికీ వండి పెట్టింది. ఆ పందిట్లో గౌరమ్మను గోగులపాటి శ్రీరాములుగారు వివాహమాడారు. నాలుగు రోజులకే రెండవ పెళ్ళి. అంటే మళ్ళీ నీళ్ళు, మళ్ళీ పొయ్యి. ఆ పెళ్ళిళ్ళకు వెళ్ళినవారిని వెలివేస్తే భయపడి ప్రాయశ్చిత్తం చేయించుకున్నవారు కొందరున్నారు. ఆవిడ మాత్రం వెనక్కు తగ్గలేదు.

ఆమె అసలు పేరు బాపమ్మ. పెళ్ళినాటికి పంతులుగారికే పదమూడేళ్ళు. ఆమె ఇంకా చిన్నపిల్ల. వారికి సంతానం లేదు. పంతులుగారు కోరంగిలో, ధవళేశ్వరంలో, రాజమండ్రిలో బడిపంతులుగా పనిచేస్తూ పత్రికలు నడిపారు, పుస్తకాలు రాశారు. ఆశ్రయం కోరి వచ్చిన ఆడపిల్లలకు అన్నం పెట్టి, జ్వరం వస్తే పక్కన కూర్చున్నది ఆవిడ. 1906లో హితకారిణీ సమాజం పెట్టి ఉన్న ఆస్తి దానికి రాసి ఇచ్చారు. ఆమె 1910లో కన్నుమూశారు. పంతులుగారు ఇంకో తొమ్మిదేళ్ళు బ్రతికారు.

ప్రియ పాఠకులారా, ఆ ఉపన్యాసాలు రాసుకున్న బల్ల మా వంటింటి గోడకు ఆనుకునే ఉండేది. లంకల నుండి వచ్చి మా ఇంట్లో ఉండి చదువుకునే పిల్లలు ఏ ఏడూ ముగ్గురు నలుగురికి తక్కువ ఉండేవారు కాదు. మాస్టారు వాళ్ళకు ఛందస్సు చెబుతుంటే, టీచరమ్మ అవతల కంద బచ్చలి కూర కలుపుతూ తప్పులు దిద్దేది. కొబ్బరి కోరు, పనసపొట్టు, అరటిదూట, దొరికినప్పుడు చేపల పులుసు. ప్రభువు కృపవలన ఒక్కపూటా పిల్లలు పస్తు పడుకోలేదు. ఇన్ని ఏళ్ళలో “వంట ఎవరు చేశారు” అన్న ప్రశ్న మా ఇంట్లోనూ ఎవరూ వేయలేదు.

అసలు రాయదలచినది 1996 సంగతి. నవంబరు 6 రాత్రి తుఫాను కోనసీమ మీద పడింది. తెల్లవారేసరికి కొబ్బరితోటలు, ఎవరో నడుముకు పట్టి విరిచినట్టు పడి ఉన్నాయి. ఊళ్ళో నిలిచిన గట్టి కట్టడం బడి ఒక్కటే. పేటవాళ్ళు, ఊరివాళ్ళు అందరూ అక్కడికే చేరారు. మా పెంకుటిల్లూ పోయింది గనుక మేమూ అక్కడే.

బియ్యం కొంత దొరికింది. చుట్టూ రాలిన కొబ్బరికాయలే. పొయ్యి అంటించడానికి ఎండుపుల్ల మాత్రం లేదు. బీరువా పై అరలో పొడిగా మిగిలినవి క్వార్టర్లీ పరీక్షల జవాబు పత్రాలు. మాస్టారు కాసేపు తటపటాయించి కట్టలు విప్పారు. లెక్కల పేపర్లు కాలిపోతుంటే పిల్లలు అంత తుఫానులోనూ కేరింతలు కొట్టారు. టీచరమ్మ గుండిగ ఎక్కించింది. గంజన్నం, కొబ్బరి పచ్చడి. అందరూ తిన్నారు.

అందరూ అంటే, ఒక కుటుంబం తప్ప. ఎనిమిదో తరగతి గదిలో ఒక మూల ఒక మామ్మగారు, మూడో తరగతి చదివే మనవడు. మేము పేటలో పుట్టినవాళ్ళం; ఊరందరికీ తెలిసినదే. “వద్దమ్మా, ఆకలి లేదు” అందామె మర్యాదగానే. సాయంత్రమూ అదే మాట. పిల్లాడు గుండిగ వైపు చూస్తున్నాడు.

మర్నాడు ఉదయం టీచరమ్మ ఒక కొత్త కుండ, నాలుగు గ్లాసుల బియ్యం, అగ్గిపెట్టె తీసుకెళ్ళి ఆమె ముందు పెట్టింది. “మామ్మగారూ, మీరే వండుకోండి. బాబు తినాలి.” ఆమె వండింది. ఇద్దరూ తిన్నారు.

ఆ రాత్రి మేమిద్దరం చీకట్లో గట్టిగా పోట్లాడుకున్నాం. “ఇన్నేళ్ళు వీరేశలింగంగారి గురించి చెప్పి, చివరికి మన చేతులతోనే వేరే కుండ ఇచ్చామా?” అన్నారు మాస్టారు. “ఆకలితో ఉన్న పిల్లాడి ముందు జయంతి సభ పెట్టమంటారా?” అంది టీచరమ్మ. 1881లో పంతులుగారి ఇంటికి వండేవాళ్ళు రాలేదు. నూట పదిహేనేళ్ళ తర్వాత మా బడిలో వండేవాళ్ళున్నారు, తినేవాళ్ళు రాలేదు. రాజ్యలక్ష్మమ్మగారైతే ఏం చేసేవారని అడిగి ఇద్దరం ఊరుకున్నాం.

మూడోనాడు మధ్యాహ్నం ఆ పిల్లాడు తానే పళ్ళెం తెచ్చుకుని మా వరుసలో, తన తరగతి పిల్లల మధ్య కూర్చున్నాడు. టీచరమ్మ ఏమీ అడగకుండా వడ్డించింది. మామ్మగారు కిటికీలోంచి చూసి ముఖం అటు తిప్పుకుంది గాని పిలవలేదు. ఆమె మాత్రం చివరిదాకా మా గుండిగలోది ముట్టలేదు. నీళ్ళు తీసి ఇంటికి వెళ్ళేటప్పుడు ఆ కుండను శుభ్రంగా తోమి, గుమ్మం పక్కన బోర్లించి వెళ్ళింది.

ఆ కుండ ఇచ్చి తప్పు చేశామా, మంచిపని చేశామా అన్నది మా మధ్య ఇప్పటికీ తెగలేదు. 2003లో బడిలో మధ్యాహ్న భోజనం మొదలైన మొదటి రోజున మాత్రం ఇద్దరం ఒకే పని చేశాం. వరండాలో నిలబడి, వరుసల్లో ఎవరి పక్కన ఎవరు కూర్చుంటున్నారో చూశాం.

మరుసటి ఏప్రిల్‌లో జయంతి ఉపన్యాసం సగం టీచరమ్మ చెప్పింది. గోదావరి రేవు నుండి మొదలుపెట్టి పొయ్యి దాకా వచ్చేసరికి గంట కొట్టేశారు.

రిటైరయ్యాక మాస్టారు వంట నేర్చుకున్నారు. ఆదివారం ఆరాధన నుండి వచ్చాక వంటిల్లు ఆయనదే. పోయిన వారం పనసపొట్టు కూర చేశారు. ఆవ ఘాటు ఎక్కువై ఇద్దరికీ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. టీచరమ్మ ఏమీ అనకుండా ఇంకొంచెం అన్నం వడ్డించమంది.