సున్నపురాతి నేలలో వెండి కంకులు

ఆస్టిన్ నగరానికి నైరుతి దిక్కున నేలంతా సున్నపురాయే. పైన మట్టి పలచగా పరుచుకుని ఉంటుంది, గునపం దించితే రాయి తగులుతుంది. లేడీ బర్డ్ జాన్సన్ వైల్డ్‌ఫ్లవర్ సెంటర్ ఉన్నది ఆ నేల మీదే. అధ్యక్షుడు లిండన్ జాన్సన్ భార్య లేడీ బర్డ్, నటి హెలెన్ హేస్ కలిసి 1982లో స్థాపించిన ఈ సంస్థ 2006 నుంచి టెక్సస్ విశ్వవిద్యాలయంలో భాగం. పూలు చూడాలనుకునేవాళ్లు వసంతంలో వస్తారు. నేను గడ్డి చూడాలని నవంబరులో వెళ్లాను.

లిండ్‌హైమర్ మ్యూలీ ఈ ప్రాంతపు సొంత గడ్డి. టెక్సస్ మొక్కలను సేకరించి ప్రపంచానికి చూపిన జర్మన్ వృక్షశాస్త్రవేత్త ఫెర్డినాండ్ లిండ్‌హైమర్ పేరే దీనికి పెట్టారు. దుబ్బు నడుమెత్తు ఉంది. సన్నని ఆకులు బూడిద కలిసిన పచ్చరంగులో వంగి ఉన్నాయి. వాటి మధ్య నుంచి నిటారుగా లేచిన కంకులు ఎండ పడితే వెండిలా మెరుస్తున్నాయి. గోదావరి లంకల్లో రెల్లు పూసినప్పుడు కలిగే సంబరమే నాకు అక్కడా కలిగింది. ఆకును వేళ్ల మధ్య లాగి చూశాను, కోసుకోలేదు. కంకుల అందం కోసం తోటల్లో పెంచే పంపాస్ గడ్డి ఆకును అలా లాగితే రక్తం వస్తుంది.

మ్యూలీకి ఎరువేం వేస్తారని అక్కడి తోటపనివారిని అడిగాను. ఏమీ వేయం అన్నారు. దీనికి కావలసింది నిండా ఎండ, నీరు నిలవని నేల, అంతే. నీడలో పెడితే దుబ్బు వదులై పక్కకు వాలిపోతుంది. నాటిన మొదటి ఏడాది వేరు పట్టేదాకా నీళ్లు పెట్టాలి, తర్వాత కరువునూ తట్టుకుంటుంది. చలికాలం చివర, కొత్త చిగురు రాకముందే, పాత ఆకును కోసేయాలి. మరీ మొదలంటా కోస్తే దుబ్బు దెబ్బతింటుంది. జింకలు సాధారణంగా దీని జోలికి రావు. ఆస్టిన్ శివార్లలో తోట పెంచేవాళ్లకు ఇది చిన్న లాభం కాదు.

ఆ చుట్టుపక్కల ఇళ్లు కట్టుకున్న మన తెలుగువాళ్లకు నాదొక విన్నపం. కంకులు అందంగా ఉన్నాయని దక్షిణ అమెరికా నుంచి వచ్చిన పంపాస్‌ను ఇంటిముందు నాటకండి. ఆ నేలలోనే పుట్టిన మ్యూలీ అంతకంటే అందంగా ఉంటుంది, అడిగేది తక్కువ. ఎండాకాలం దాటాక నాటుకోండి.